బెయిలొచ్చినా ముద్దాయేనా?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో "ఎరువుల కేసులో ముద్దాయి అరెస్టు" అని పెద్దక్షరాలతో వేశారు. లోపల చదివితే అనుమానం మీద పట్టుకెళ్లారంతే, ఛార్జిషీటు కూడా పడలేదు. మా ఊళ్లో మాత్రం అతను ఆ పూటకే దొంగ అయిపోయాడు. నిందితుడు అనే మాట మీ డెస్కులో అయిపోయిందా? అసలు ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. ఆ మాటను మనం ఎప్పుడో తలకిందులు చేసేశాం, సరే, అది పాత కథ. కనీసం మీరు ముద్దాయికీ దోషికీ తేడా తెలిసేలా రాయండి.

మామూలు మనిషికి కోర్టు మాటలు అసలే కొరుకుడు పడవు. ఒకసారి మా నాన్నగారికి లాయరు నోటీసు వచ్చింది. "సదరు భూమిలో మీకు ఎట్టి అనుభవమూ లేదు" అని ఉంది. నలభై ఏళ్లు దున్నినవాణ్ణి పట్టుకుని అనుభవం లేదంటాడా అని ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఊళ్లో భూముల వివరాలు రాసే అడంగల్లో అనుభవదారు గడి ఎన్నోసార్లు చూసిన మనిషే! భూమి ఎవరి చేతిలో ఉంది, పంట ఎవరు తింటున్నారు అన్నదే అక్కడ అనుభవమని ప్లీడరు చెప్పాక ఇంకా మండిపడ్డారు, అదీ అబద్ధమే కాబట్టి.

వాయిదా సంగతి సరేసరి. ఇంట్లో అయితే ఫ్రిజ్‌కి నెలనెలా కట్టేది. కోర్టులో కేసు పిలిచే రోజూ వాయిదాయే, ఆ రోజు జరగకపోతే అదీ వాయిదాయే. "వాయిదాకి వెళ్తే వాయిదా వేశారు" అంటే మా అమ్మ "మరి దేనికి వెళ్లినట్టు?" అనేది.

అధికారుల దగ్గరికొచ్చేసరికి మాటలు వాళ్ల వైపే ఒరుగుతాయి. సదుద్దేశంతో చేసిన పనికి అధికారి మీద కేసు వెయ్యకూడదని చాలా చట్టాల్లో ఉంటుంది. జాగ్రత్త లేకుండా చేసింది సదుద్దేశం కాదని 1860 నాటి ఐపీసీ అంది, దాని బదులు 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితా అదే అంటోంది. చట్టాల్లో వాడే మాటలకు అర్థాలు చెప్పే 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్టు మాత్రం నిజాయితీగా చేస్తే చాలు, నిర్లక్ష్యంగా చేసినా సదుద్దేశమే అంటుంది! మా సర్వే నంబరులో ఒక అంకె తప్పు ఎక్కించి మూడేళ్లు తిప్పిన ఆఫీసువారు ఏ చట్టం చదువుకున్నారో ఇప్పుడు అర్థమైంది.

ఆ ఎరువుల కేసు మనిషికి బెయిలొచ్చిందని మొన్న వేశారు. ఏడో పేజీలో, కింద, నాలుగు లైన్లు. అందులోనూ ముద్దాయే.

ఒక రిటైర్డ్ టీచరు, తెనాలి