కష్‌కైష్ వెళ్తున్న అమ్ములుకి

కాకినాడ,
సెప్టెంబర్ 8.

అమ్ములూ,

నిన్న ఫోన్లో "అన్నీ గూగుల్లో ఉంటాయిలే అమ్మా" అని పెట్టేశావు. ఉంటాయి, కాదన్నానా? కానీ నువ్వు సభకి వెళ్తున్న పోర్చుగల్‌లో, ఆ ఎస్తోరిల్‌లో గూగుల్ ఆకలితో పడుకోలేదుగా! నేను పడుకున్నాను. అందుకే ఈ ఉత్తరం. సూట్‌కేసు మూసేలోపు చదువు.

ముందు ఊరి పేరు. మనం చూసి చదివితే కాస్కైస్. వాళ్ల నోట్లో పొల్లు స కాస్తా ష అయిపోతుంది, కష్‌కైష్. పక్క ఊరు ఎస్తోరిల్‌ని కూడా మొదట్లో సగం మింగేసి ష్తురిల్ అంటారు. 2006లో కాలేజీ తరఫున నేను వెళ్లినప్పుడు లిస్బన్ విమానాశ్రయంలో టాక్సీ ఆయనకి నాలుగుసార్లు కాస్కైస్, కాస్కైస్ అని చెప్పాను. ఐదోసారి కాగితం మీద రాసి చూపిస్తే "ఆఁ, కష్‌కైష్!" అన్నాడు, నేనింతసేపూ ఇంకేదో దేశం అడిగినట్టు. ఆ టాక్సీకి అయిన డబ్బు మీ నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు.

నీకా ఖర్చు అక్కర్లేదు. 2012లో మెట్రో విమానాశ్రయం దాకా వచ్చేసింది. బయటికి రాగానే ఎర్ర లైను ఎక్కు. అలమెదలో దిగి పచ్చ లైనుకి మారు, కైష్ దు సుద్రె అని చివరి స్టేషన్ దాకా వెళ్లు. పై అంతస్తులోనే రైలు. మెట్రో మెషీన్ దగ్గరే నవెగాంత్ అనే కార్డు కొనుక్కో, కార్డుకి అర యూరో. అందులో ఓ పదిహేను యూరోలు వేయించు. దాన్ని వాళ్లు జాపింగ్ అంటారు. మెట్రోకీ, కష్‌కైష్ రైలుకీ అదే కార్డు పనిచేస్తుంది. ఎక్కేప్పుడూ దిగేప్పుడూ గేటుకి తాకించాలి. ఒక కార్డు మీద ఇద్దరు వెళ్లడం కుదరదు, నీతో వచ్చే స్వాతికి వేరేది తీసుకోవాలి.

రైలు ముప్పావుగంట లోపే. ఎడంపక్క కిటికీ దగ్గర కూచో. మొదట తేజు నది కనిపిస్తుంది, దానిమీద ఎర్ర వంతెన, తర్వాత బెలేం బురుజు. నది ఎక్కడ సముద్రమైపోయిందో నాకు తెలీనేలేదు, నీటి రంగు మారాక చూసుకున్నాను. గోదావరి పాయలు కోరింగ దగ్గర కలిసే చోటు నీకు తెలుసుగా, నీ థీసిస్సే అది. అక్కడ మడ అడవి లేదు, బురద లేదు, అంతా రాళ్లూ ఇసకా. ఒక జాగ్రత్త, ఆ లైనులో కొన్ని బళ్లు సగం దారిలో ఓయ్‌రాష్‌లోనే ఆగిపోతాయి. బోర్డు మీద కష్‌కైష్ అని ఉంటేనే ఎక్కు. నేను పరిగెత్తి ఎక్కిన బండి అక్కడ దించేసింది, ఇరవై నిమిషాలు బెంచీ మీద కూచున్నాను.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆహ్వాన పత్రం, హోటల్ బుకింగు, తిరుగు టికెట్టు, 30,000 యూరోల ఇన్సూరెన్సు కాగితం, నాలుగూ చేతిసంచీలో ఉండాలి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తున్నావు కనక ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, లిస్బన్‌లో ఉండదు. ఇప్పుడు ఫొటో తీసుకుని వేలిముద్రలు కూడా సరిచూస్తున్నారు, వరస పొడుగ్గా ఉంటుంది. మధ్యలో గంటన్నరే ఉందన్నావు, నాకు నచ్చలేదు. వీలైతే తర్వాతి విమానానికి మార్పించుకో. సభలో నీ పరిశోధన చూపించే పోస్టరు గుడ్డ మీద ప్రింటు చేయించు, మడిచి చేతిసంచీలో పెట్టు. నేను అట్టగొట్టంలో చుట్టి సామాన్లో వేశాను. గొట్టం నాకంటే రెండురోజులు ఆలస్యంగా వచ్చింది. నాకిచ్చిన బోర్డు దగ్గర ఖాళీ పిన్నుల ముందు నిలబడి మాటలతోనే చెప్పుకున్నాను.

నీ లాప్‌టాప్ ఛార్జరు ప్లగ్గు మనది, లావుపాటి మూడు పిన్నులది. అక్కడి గోడలోని గుండ్రటి గుంటలో అది దిగదు. సన్న రెండు పిన్నుల ఫోన్ ఛార్జరైతే దిగుతుంది. యూరప్ అడాప్టరు హైదరాబాదులోనే కొనుక్కో.

తినేవాటిలో నెయ్యి సీసా, పాలకోవా వద్దు. పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ బయటి దేశాల నించి తీసుకెళ్లకూడదని యూరప్‌లో నియమం. కందిపొడి, ఆవకాయ పెద్ద సామాన్లో పెట్టుకో. ఈ సంగతి మీ అమ్మమ్మకి చెప్తే, నెయ్యి లేకుండా కందిపొడి ఏం తింటుంది అని రెండు గంటలు బాధపడింది.

సరే, ఇప్పుడు అసలు సంగతికొస్తాను, తిండి.

మొదటి రాత్రి హోటల్లో బల్ల ముందు కూచోగానే ఒకాయన రొట్టె, ఆలివ్ కాయలు, చిన్న జున్ను ముక్క, ఇంకేదో చేప ముద్ద తెచ్చి పెట్టాడు. మన టిఫిన్ హోటల్లో అడక్కుండా చట్నీ పెట్టినట్టే అనుకున్నాను. రొట్టే ఆలివ్‌లూ ఖాళీ చేసి, సూప్ చెప్పి, అదీ తాగి బిల్లు చూద్దును కదా, సూప్ కన్నా రొట్టెకీ ఆలివ్‌లకీ ఎక్కువ పడింది. దాన్ని కువేర్ అంటారట. ముట్టుకుంటే డబ్బు, ముట్టుకోకపోతే లేదు. వద్దంటే నవ్వుతూ తీసుకుపోతారు, వాళ్లేమీ అనుకోరు. నాకు ఆ "వద్దు" రాలేదు. మర్నాడు భయపడి ఏ హోటల్లోనూ కూచోలేదు. బిస్కెట్ ప్యాకెట్టుతో పడుకున్నాను, వచ్చిన భత్యం సంచీలోనే పెట్టుకుని.

మూడోరోజు స్టేషన్ వెనక సందులో ఓ చిన్న కాఫీ కొట్టుకి వెళ్లాను. కౌంటర్లో మా అమ్మ వయసావిడ. ఆవిడకి ఇంగ్లీషు రాదు. నేను చేతులు తిప్పి, కోడి కూత కూసి, తల అడ్డంగా ఊపి, చేపలా అరచెయ్యి ఆడించి మళ్లీ తల అడ్డంగా ఊపాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. లోపలికెళ్లి గుడ్డు అట్టూ, అన్నమూ, చిక్కుళ్లూ తెచ్చిపెట్టింది. అడగందే అమ్మైనా పెట్టదు అంటాం చూడు, పెట్టాల్సిన ఆవిడ రెండొందల అడుగుల దూరంలోనే ఉందని తెలీక రెండురోజులు మాడాను.

నువ్వు కోడి కూత కుయ్యక్కర్లేదు. "సో వెజెతారియాన" అను. చాలకపోతే "సెం కార్న్, సెం పైష్", మాంసం వద్దు చేప వద్దు. కాల్దు వెర్ద్ అనే పచ్చ సూప్ ఆకుకూరా బంగాళాదుంపే కదా అని చెప్పేయకు, పంది సాసేజి ముక్క తేలుతుంటుంది. అది లేకుండా అడుగు. మధ్యాహ్నం మూడు దాటితే వంట ఆపేస్తారు, రాత్రి ఏడున్నరకి ముందు మొదలెట్టరు, ఈ మధ్యలో కాఫీ కొట్లే దిక్కు. చిన్న కాఫీని లిస్బన్ వైపు బిక అంటారు, గొంతులో దిగేలోపు అయిపోతుంది. పాలు కావాలంటే గలావ్, గాజు గ్లాసులో ఇస్తారు. పష్తెల్ ద నాత అని గుడ్డు పచ్చసొనతో చేసే చిన్న గిన్నె మిఠాయి ఉంటుంది, నువ్వు గుడ్డు తింటావు కదా, రెండు తిను. కుళాయి నీళ్లు తాగొచ్చు. థాంక్స్‌కి ఆడవాళ్లు "ఒబ్రిగాద" అనాలి, మగవాళ్లైతే "ఒబ్రిగాదు". నేను మూడురోజులూ మగవాడిలా మాట్లాడి వచ్చాను.

నీ హోటల్ కష్‌కైష్‌లో, సభ ఎస్తోరిల్‌లో అన్నావు. రైలుకి రెండో స్టేషనే కానీ ఎక్కకు. సముద్రం ఒడ్డునే కాలిబాట ఉంది, బళ్లు రావు. అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. పొద్దున్నే ముసలివాళ్లు చల్లటి నీళ్లలో దిగుతుంటారు. తమరీష్ బీచ్ దగ్గర రైలు పట్టాల కింద దారి ఉంటుంది, అందులోంచి అవతలికి వస్తే కాసినో ముందున్న తోట. సభా భవనం ఆ పైనే. రాళ్లు పరిచిన దారులు, తెల్లవీ నల్లవీ ముక్కలు అలల్లాగా పేరుస్తారు. చూడ్డానికి ముగ్గే, తుంపర పడిందంటే మాత్రం మన పాకుడు మెట్లే. హీల్స్ మానెయ్, రబ్బరు అడుగున్నవి వేసుకో. సాయంత్రం ఉత్తరగాలి కొడుతుంది, శాలువా సంచీలో ఉంచు.

బుధవారం గానీ శనివారం గానీ పొద్దున ఊళ్లో సంతకి వెళ్లు, మెర్కాదు ద విల. నాకక్కడో తమాషా జరిగింది. పళ్ల దగ్గర పలక మీద ఏదో రాసుంటే కూడబలుక్కుని చదివాను, అ-న-నా-ష్. కింద చూస్తే అనాసపండు! పక్క దుకాణంలో తువ్వాళ్లు వేలాడుతుంటే పైన తొఆల్య అని ఉంది. మన ఇంట్లో అల్మారా, ఇస్త్రీ, మేస్త్రి, పాదిరి, ఈ మాటలన్నీ అక్కణ్ణించి ఓడెక్కి వచ్చినవేనట. మిరపకాయనీ వాళ్లే తెచ్చారు. అంటే నీ సంచీలో ఆవకాయ అక్కడికి ఐదొందల ఏళ్ల తర్వాత బాకీ తీర్చడానికి వెళ్తోందన్నమాట.

ఆదివారం ఖాళీ అన్నావుగా. ఊరికి పడమరగా నడిస్తే సాంత మర్త దీపస్తంభం, ఇంకో ఇరవై నిమిషాలకి బోక దు ఇన్‌ఫెర్ను, అంటే నరకం నోరు. కొండ గుహలోకి అల దూరి, లోపల గర్జించి, తెల్లగా కక్కుతుంది. గొలుసు దాటి ఫొటో కోసం అంచుకి వెళ్లావో, నేను కాకినాడ నించి అరిచినా నీకు వినపడుతుంది. బీచ్‌లో జెండాలు చూసుకో, ఎరుపుంటే నీళ్లలోకే వద్దు, పసుపుంటే ఈత వద్దు. నీకు ఈతా రాదు, పచ్చ ఉన్నా మోకాలి దాకానే. ఉప్పాడ నీళ్లలా గోరువెచ్చగా ఉంటాయనుకోకు, కాళ్లు జివ్వుమంటాయి.

ఏ ఆపదొచ్చినా 112. మనం నాలుగున్నర గంటలు ముందుంటాం. నువ్వు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే ఇక్కడ ఒకటిన్నర, అయినా చెయ్యి, మీ నాన్న ఎలాగూ మెలకువగానే ఉంటారు. ఏటీఎమ్‌లో "రూపాయల్లో కట్టమంటారా" అని అడిగితే వద్దను, యూరోల్లోనే అని నొక్కు, లేకపోతే మారకంలో గుంజుతారు.

మర్చిపోయాను, తలుపులు. అక్కడ తలుపు మీద "పూష్" అని చదవబడే మాట రాసుంటుంది. దాని అర్థం లాగమని. సభ తలుపుని భుజంతో నెడుతూ నిలబడ్డ నా వెనక అయిదారుగురు ప్రొఫెసర్లు ఓపిగ్గా ఆగారు.

కందిపొడి డబ్బా నాన్న రేపు బస్సులో పంపిస్తారు. మూత బిగుసుగా ఉంది, తిప్పితే రాదు. మీద మార్కరుతో పెద్దగా పూష్ అని రాశాను.

మీ అమ్మ