తాటిచెట్టు మెషీన్ శనివారం నుంచి మళ్ళీ తిరుగుతుంది

మూడు వారాలుగా మా మెషీన్‌కి పట్టా కప్పి ఉండటం చూసి చాలామంది అడిగారు. బీసెంట్ రోడ్డు పక్క సందులో, షాపు గోడంతా తాటిచెట్టు గీయించి దాని మొదట్లో పెట్టాం కదా, అదే. పది రూపాయల బిళ్ళలు రెండు వేసి పిడి తిప్పితే నల్లటి తాటికాయ లాంటి డబ్బా దొర్లి వస్తుంది, అందులో వేలెడంత కొండపల్లి బొమ్మ.

ఆపడానికి కారణం నా పొరపాటే. గోడ మీది చెట్టు బొమ్మ రోడ్డు మీదికి బాగా కనబడుతుందని పడమటి గోడ ఎంచుకున్నాను. మేలో బెజవాడ ఎండ మధ్యాహ్నం నుంచి నేరుగా ఆ ఇనుప పెట్టె మీదే. లోపల బొమ్మల రంగు డబ్బాలకి అంటుకుపోయింది. ఒక పాప డబ్బా తెరిస్తే ఏనుగుకి ఒక వైపంతా రంగు లేచి సున్నం పూత కనిపించింది. "దీనికి జ్వరమొచ్చిందా అంకుల్?" అంది. ఆ సాయంత్రమే తాళం వేశాను.

పెట్టె ఖాళీ చేస్తే ఇంకొకటి బయటపడింది: 41 ఇరవై రూపాయల బిళ్ళలు. పది బిళ్ళ, ఇరవై బిళ్ళ రెండూ 27 మిల్లీమీటర్లే. ఇరవైకి అంచు పన్నెండు పలకలుగా ఉన్నా మా మెషీన్ పది కిందే మింగేసింది. మీదైతే వచ్చి చెప్పండి, రుజువు అడగను, ఎక్కువ పోయింది తిరిగిస్తాను. ఇరవై బిళ్ళ కాస్త బరువు కాబట్టి, బరువు చూసి దాన్ని బయటికి తోసేసే ఏర్పాటు మెకానిక్ చేత చేయించాను.

పది రూపాయల బిళ్ళలు కొట్లలో తీసుకోవట్లేదని కొందరు అడిగారు. మేం అన్నీ తీసుకుంటాం. రూపాయి గుర్తు ఉన్నా లేకపోయినా 14 రకాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది.

ఇక ధర. రెండు బిళ్ళలు కాదు, మూడు. తెల్ల పొణికి చెక్క ఆరబెట్టి, కాళ్ళూ తొండం విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి, ఆరాక రంగు వేయాలి. చిన్న బొమ్మ కదా, చేసేవాళ్ళకి తక్కువ ఇస్తే సరిపోతుందని మొదట లెక్కేశాను. తప్పు లెక్క. పనులన్నీ అవే, పైగా ఆవగింజంత కన్ను దిద్దడం ఇంకా కష్టం. పెంచిన పది రూపాయల్లో ఎనిమిది చేసినవాళ్ళకే వెళ్తాయి. ప్లాస్టిక్ అచ్చు బొమ్మలు నింపమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. అలా చేయను.

మెషీన్‌ని అరుగు నీడలోకి మార్చాం. చెట్టు అక్కడే ఉంటుంది. చెట్టు కింద నుంచి అరుగు దాకా తాటికాయలు దొర్లుతూ వెళ్ళినట్టు గోడ అడుగున గీయించాను, పిల్లలు వాటి వెంట వచ్చేయొచ్చు.

శనివారం సాయంత్రం 5 నుంచి తెరుస్తాం. రంగు పోయిన బొమ్మలు తెస్తే మార్చి ఇస్తాం. ఆ పాప ఏనుగు కొండపల్లి వెళ్ళి రంగు వేయించుకొచ్చింది, కౌంటర్‌లో ఉంది. వాళ్ళమ్మగారు ఇది చదివితే ఒకసారి తీసుకురండి.