ఆ చెల్లెమ్మకు కృతజ్ఞతలు

మా నాన్నకు కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం పాకాల నుంచి తిరుపతికి తిరిగిన రోజులవి. వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు మిషన్ మీదే. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతూ ఫీల్డ్‌వర్క్‌కు వచ్చానన్నావు. ఆ టెన్షన్‌లో నీ పేరు కూడా అడగలేదు, ఏమీ అనుకోకు చెల్లెమ్మా.

అందరూ నాన్న గురించే అడిగేవాళ్లు. నువ్వు మాత్రం వార్డు బయట కూర్చున్న అమ్మ పక్కన చేరి, "పొద్దున ఏమన్నా తిన్నావా పెద్దమ్మా?" అన్నావు. ఆ ఒక్క మాటకే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మూడు నెలలుగా ఆమెకు రాత్రిళ్లు నిద్రే లేదని మాకు అప్పుడే తెలిసింది. ఇంట్లో ఉన్న నాకు కనిపించనిది నీకెలా కనిపించిందో!

డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉందని చెప్పింది నువ్వే. మందుల కవరు వెనక కావలసిన కాగితాలన్నీ రాసిచ్చావు, మా ఊరి సచివాలయంలో ఏం అడగాలో కూడా. నాన్నను చూసుకోవడానికి నాకూ తమ్ముడికీ వంతులు వేసి, శుక్రవారం అమ్మకు సెలవన్నావు. ఆ సెలవు ఇప్పటికీ నడుస్తోంది.

మా సంగతులు నీ ప్రాజెక్టులో రాసుకోవచ్చా అని అడిగావు, పేర్లు రాయనన్నావు. అమ్మ సరేనన్నాకే పెన్ను తీశావు.

ఆ కవరు బీరువాలో దాచుకున్నాం. పాకాల వైపు వస్తే మా ఇంట్లో అన్నం తిని పోవాలి తల్లీ, అమ్మ చెప్పమంది.