చెక్క విగ్రహాల సంరక్షణ: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

ఈ ఏడాది సంఘం పని ఎక్కువగా మన ఇళ్లలోని చెక్క విగ్రహాల బాగోగుల మీదే సాగింది. పూరీ నుంచి తెచ్చుకున్న రంగుల జగన్నాథ బలభద్ర సుభద్రలు, శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాలలో చెక్కిన టేకు, వేపచెక్క మూర్తులు మన దగ్గర చాలానే ఉన్నాయి. ఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

చూసిన వాటిలో ఎక్కువ నష్టం నీళ్ల వల్ల జరిగిందే. పంచలోహ మూర్తికి చేసినట్టు వీటికీ అభిషేకం చేస్తున్నారు. ఒక సుభద్ర విగ్రహానికి పీఠం దగ్గర రంగు పెంకులు పెంకులుగా లేచి, వేలు తగిలితే రాలిపోతోంది. లోపలి సుద్దపూత నానిపోయింది. నీళ్లు తాగిన చెక్క ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడం దుంగ చుట్టూ ఎంతో, లోపలి బెండు వైపు అందులో దాదాపు సగమే. అందుకే నిండు దుంగలో చెక్కిన విగ్రహం నిలువునా నెర్రె విచ్చుతుంది. ఈ విషయంలో పూరీ ఆచారమే మనకు దారి. అక్కడ రోజువారీ స్నానం అద్దంలోని ప్రతిబింబానికే. మూలమూర్తులకు 108 కలశాల స్నానం జ్యేష్ఠ పూర్ణిమ నాడు మాత్రమే. ఆ తర్వాత అనసర అనే విశ్రాంతి రోజుల్లో దర్శనం ఆపి, మూర్తులకు మళ్లీ రంగులు దిద్దుతారు. మన ఇళ్లలోనూ అద్దానికే అభిషేకం చేద్దామని సంఘం గట్టిగా కోరుతోంది.

నెర్రె కనబడగానే గట్టి లప్పం పెట్టకండి. ఎండాకాలంలో పూడ్చింది వానల్లో చెక్క ఉబ్బినప్పుడు అంచులను చిట్లగొడుతుంది. నీడలో రెండు మూడు నెలలు ఆరనిచ్చి, వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించిన తేనెమైనంలో రంపపు పొట్టు కలిపి నింపితే, అది చెక్కతో పాటు కదులుతుంది.

తర్వాతిది పుచ్చు. పురుగు చేవ (లోపలి గట్టి చెక్క) జోలికి పెద్దగా పోదు, పిండిపదార్థం ఉండే పై తెల్లచెక్కనే తింటుంది. పాత రంధ్రాల నుంచి కూడా పొడి రాలుతుంది కాబట్టి కంగారుపడి మందు కొట్టొద్దు. విగ్రహం కింద నల్లకాగితం పరిచి రెండు వారాలు కదపకండి. తెల్లటి పొడి కొత్తగా పడితేనే పురుగు బతికున్నట్టు. రంగు, పాలిష్ లేని చెక్కకైతే లీటరు గోరువెచ్చని నీళ్లలో 30 గ్రాముల బోరాక్స్, 20 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, చేతులకు తొడుగులు వేసుకుని కుంచెతో రెండు పూతలు వేయాలి, పూతకీ పూతకీ మధ్య ఒక రోజు ఆగాలి. పిల్లలను దగ్గరికి రానీయకండి. రంగు వేసిన వాటికి ఇది పనికిరాదు. నీటి మందు రంగును దాటి లోపలికి పోదు, పైగా సుద్దపూతను పాడుచేస్తుంది. వాటికి టర్పెంటైన్‌తో చేసిన చెక్క మందును సన్న సూదితో రంధ్రాల్లోకే ఎక్కించాలి. ఆ రోజు దగ్గర్లో దీపం వెలిగించకూడదు.

కొబ్బరినూనె, నువ్వులనూనె పూస్తే అవి ఆరవు, దుమ్మును పట్టి జిడ్డు కడతాయి. పాలిష్ లేని టేకుకు అవిసెనూనె పలుచగా రాసి, పావుగంటలో పొడిగుడ్డతో తుడిచేయాలి. ఆ గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే దానంతట అదే అంటుకునే ప్రమాదముంది, ఆరుబయట పరిచి ఆరబెట్టండి. లక్క పాలిష్ ఉన్న విగ్రహాలకు శానిటైజర్, స్పిరిట్ తగలనీయకండి, పాలిష్ కరిగిపోతుంది. పసుపు చెక్కలోకి దిగితే ఇక వదలదు, బొట్టు పాదాల ముందున్న రాగిరేకు మీద పెడితే చాలు.

వచ్చే పరిశీలన వానలు తగ్గాక, కార్తీకంలో. విగ్రహాన్ని పాలిథిన్‌లో కాకుండా నూలుగుడ్డలో చుట్టి, కింద పరిచిన నల్లకాగితాన్ని దులపకుండా అలాగే మడిచి తీసుకురండి.