అమ్మ మెడ మీది పుట్టుమచ్చ, మా పక్కింటి అక్క

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం. బతుకమ్మ ఆడడానికి హనుమకొండ పద్మాక్షి గుట్టకు బయల్దేరే హడావుడిలో అమ్మ చీర మార్చుకుంటుంటే, పుస్తెలతాడు మెడ పక్కనున్న పుట్టుమచ్చకు తట్టుకుని మచ్చ సగం తెగింది. శనగగింజంత ఉబ్బెత్తు మచ్చ, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నదే. కొత్త చీర కొంగంతా రక్తం. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఒకరు పసుపు అద్దమన్నారు, ఒకరు సున్నం పెట్టమన్నారు. తల వెంట్రుక కట్టి బిగిస్తే మిగతాది రాలిపోతుందని ఇంకొకరు. స్టాఫ్ నర్సుగా చేసే మా పక్కింటి అక్క తన బతుకమ్మను పీట మీదే వదిలి పరుగెత్తుకొచ్చింది. ఉతికిన నూలుగుడ్డ మడతపెట్టి మచ్చ మీద గట్టిగా అదిమింది. నేను తీసి చూడబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఊకె ఎత్తి చూస్తే గడ్డకట్టిన రక్తం మళ్లీ విడిపోతది. గడియారం చూడు, 15 నిమిషాలు." నిజంగానే ఆగింది. సబ్బునీళ్లతో మెల్లగా కడిగి, వాజిలిన్ పలచగా రాసి, పట్టీ వేసింది. పండుగ పూట పుస్తెలతాడు తీయనని అమ్మ పట్టుబడితే, పసుపుకొమ్ము కట్టిన మెత్తటి దారం వేసి ఒప్పించింది. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

దసరా అయ్యాక అమ్మను వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్లాను. డాక్టరమ్మ లైటున్న భూతద్దంతో చాలాసేపు చూశారు. దెబ్బ తగలకముందు పెరిగిందా, రంగు మారిందా అని అమ్మను నిదానంగా అడిగారు. దెబ్బ తగిలినంత మాత్రాన పుట్టుమచ్చ క్యాన్సర్ కాదని చెప్పాకే నాకు ఊపిరాడింది. అయితే దెబ్బ లేకుండానే రక్తం కారినా, పుండు రెండు మూడు వారాలకూ మానకపోయినా, అంచులు వంకరటింకరైనా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కనిపించినా, 6 మిల్లీమీటర్లు దాటి పెరుగుతున్నా వెంటనే చూపించాలన్నారు. మన ఒంటి రంగు వాళ్లు అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద కూడా చూసుకోవాలట. అది నేను మొదటిసారి వినడం.

మచ్చ సగం తెగింది కాబట్టి మత్తు సూది ఇచ్చి మొత్తం తీసి, బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. మామూలు మచ్చే అని తేలింది.

డాక్టరమ్మా, మీకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. అక్కా, ఆ రోజు మా వల్ల నువ్వు బతుకమ్మ ఆడలేకపోయావు. చీర పెడితే వద్దన్నావు, అమ్మ చేసిన మలీద మాత్రం గిన్నె పట్టుకుని తీసుకున్నావు. మొన్న మళ్లీ వచ్చి కుట్లు పడ్డ చోట వేలితో తడిమి, "మానింది చిన్నమ్మా, ఇగ పుస్తెలతాడు ఏసుకో" అన్నావు. అమ్మ ఏడ్చింది, నువ్వెళ్లాక.