ఓటీపీ చెన్నైలో, మనిషి ఉద్దానంలో: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ మంత్రి గారికి, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఊరూరా తిరిగి టీకాలు, పరీక్షలు చేసే ఒక ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) నమస్కరించి రాయునది.

సార్, మా చేత వివరాలు ఎక్కించే యాప్‌ల గోల గురించి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాం, యూనియన్ తరఫున వినతిపత్రాలూ ఇచ్చాం. అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో మాకైతే తెలియలేదు, మీకేమైనా తెలిస్తే చెప్పండి.

యాప్‌ల పేర్లు మీకు నేను చెప్పక్కర్లేదు. గర్భిణికి ఆర్‌సీహెచ్, బిడ్డ టీకాకి యూవిన్, బీపీ షుగర్లకి ఎన్‌సీడీ, జ్వరాలకి ఐహెచ్ఐపీ, టీబీ అయితే నిక్షయ్, పైన ప్రతి మనిషికీ ఆభా అనే ఆరోగ్య నంబరు. ఒకే మనిషి పేరూ ఫోన్ నంబరూ ఎన్నిచోట్ల కొట్టాలి? అవన్నీ అయ్యాక రిజిస్టరు కూడా రాయాలి, ఎందుకంటే తనిఖీకి వచ్చిన సార్ అడిగేది రిజిస్టరే.

సరే, రాస్తాం. ఓటీపీ గోల మాత్రం వినండి. మా దగ్గర చాలా ఇళ్లలో మగవాళ్లు వలసలోనే ఉంటారు, చెన్నైలో కూలి పనికో, గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదకో. ఆధార్‌కి లింకైన నంబరు ఆయనది, ఆభా చెయ్యాల్సింది ఇక్కడున్న ఆవిడకి. బోటెక్కినాయన ఫోన్ ఎన్నాళ్లకి కలుస్తుందో దేవుడికే తెలియాలి. చెన్నై ఆయన ఎత్తితే, "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటున్నారు కదా, నువ్వెవరు" అంటాడు. ఆయన తప్పేముంది, ఆ మాట చెప్పేది ప్రభుత్వమే. ఈలోగా టైం అయిపోతుంది, మళ్లీ పంపు, మళ్లీ ఫోన్ చెయ్యి. టీకాల రోజైతే పిల్లలు ఏడుస్తుంటారు, తల్లులు పనికి టైమైందని లేచిపోతుంటారు, మేం సిగ్నల్ కోసం గోడ పక్కన ఫోన్ పైకెత్తుకుని నిలబడతాం. సాయంత్రం టెలీకాన్ఫరెన్స్‌లో మాత్రం మా పర్సంటేజీ తక్కువుందని అందరూ వింటుండగా తిట్లు. టీకా వేశావా అని అడిగేవాళ్లు లేరు, యాప్‌లో ఎక్కించావా అనే అడుగుతారు.

ఆ ఎక్కించింది జనానికి పనికొస్తే ఇదీ భరిస్తాం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుల గురించి మీకు కొత్తగా చెప్పాలా? పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి వచ్చింది, సంతోషం. కానీ కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ ఈ రోజు ఎంతుందన్నది ఒక్కటే చాలదు, పోయినేడు ఎంత, ఇప్పటికి ఎంత పెరిగింది అన్నది కూడా డాక్టరు గారికి కావాలి. మేం రక్తం తీసి రిజల్టు ఎక్కించిన మనిషే విశాఖ పెద్దాసుపత్రికి పోతే, ప్లాస్టిక్ కవర్లో మడిచిపెట్టుకున్న పాత చీటీలే చూపించుకోవాలి. కవరు పోతే పరీక్షలు మళ్లీ మొదటికి. మా ఊళ్లో ఎవరికి ఎక్కువొచ్చింది, ఎవరు తిరిగి పరీక్షకి రాలేదు అని చూసుకోడానికి నాకున్నది నా సొంత నోటుబుక్కు. పైవాళ్లకి పర్సంటేజీలు కనిపిస్తాయి, మాకు మా మనుషులు కనపడరు.

2021లో ఈ 14 అంకెల ఆభా నంబరు తెచ్చింది ఇందుకే అన్నారు కదా సార్. ఒక్కసారి ఎక్కిస్తే అన్నిచోట్లా కనపడేలా చెయ్యండి, మాకూ కనపడేలా. సిగ్నల్ లేకున్నా ఎంట్రీ తీసుకుని, వచ్చాక దానంతటదే పంపుకోవాలి. ఓటీపీ రాలేదని పని ఆగకూడదు. యాప్ ఉంటే రిజిస్టరు తీసెయ్యండి, రిజిస్టరే కావాలంటే యాప్ తీసెయ్యండి, రెండూ మా నెత్తిన వద్దు. ఇంకో కొత్త యాప్ అసలే వద్దు, దండం పెడతాం. ఇవన్నీ అయ్యేసరికి ఎన్నాళ్లు పడుతుందో గానీ, అప్పటిదాకా ఎంట్రీ పెండింగ్ అని మాకిచ్చే మెమోలన్నా ఆపించండి.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక ఏఎన్ఎం