డిశ్చార్జి సమ్మరీ పంపలేను, ఆయన ఆసుపత్రిలో చేరలేదు

నూజివీడు,
19 డిసెంబరు 2025

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
(పేరు రాద్దామనుకున్నాను. మీ వాళ్లని ఐదుగురిని అడిగాను, ఒక్కరూ చెప్పలేదు.)

విషయం: 102 రోజులుగా 'ప్రాసెస్‌లో' ఉన్న మావారి ఓపీ క్లెయిము.

అయ్యా / అమ్మా,

2016 నుంచి మా కుటుంబానికి మీ దగ్గర హెల్త్ పాలసీ ఉంది. తొమ్మిదేళ్లలో ఒక్క రూపాయి అడగలేదు. కరోనా ఇంట్లో నలుగురికీ వచ్చినప్పుడు కూడా కషాయాలు తాగి బయటపడ్డాం గానీ మీ గడప తొక్కలేదు. దానికి మెచ్చి మీరు నో క్లెయిమ్ బోనస్ అని రంగుల కాగితం పంపితే, దాన్ని లామినేషన్ కూడా చేసి పెట్టుకున్నాను. జిరాక్స్ షాపు మాదే కాబట్టి ఖర్చు కాలేదు లెండి. రెండేళ్ల కిందట మీ ఏజెంటు వచ్చి, "ఓపీ కవర్ కూడా తీసుకోండి వదినా, ఆసుపత్రిలో చేరకపోయినా డాక్టరు ఫీజు, మందులు, టెస్టులు అన్నీ వస్తాయి" అన్నాడు. అప్పట్నుంచి ఏడాదికి 4,720 రూపాయలు అదనంగా కడుతున్నాను. "చేరకపోయినా" అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

మావారికి డిప్రెషన్, దాంతోపాటు తాగుడు. రెండింట్లో ఏది ముందు మొదలైందో డాక్టరు గారే గీత గీసి చెప్పలేదు. జులైలో ఒక పొద్దున ఆయనంతట ఆయనే "డాక్టరు దగ్గరికి వెళ్దాం పద" అన్నారు. ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు చూశానో మీకు అనవసరం. విజయవాడ సూర్యారావుపేటలో సైకియాట్రిస్టుకి చూపించాం. ఇదివరకు ఫిట్స్ రాలేదు, ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషి ఉంది, చేర్చుకోవాల్సిన పని లేదు, వచ్చి వెళ్తూ ఉండండి అన్నారు. మొదటి పది రోజులు వణుకు తగ్గడానికి డోసు తగ్గించుకుంటూ వాడే మాత్రలు, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు, లివర్ టెస్టు. తర్వాత డిప్రెషన్ మాత్ర, కౌన్సెలింగ్. ఆ పైన మా ఇద్దరితో సంతకాలు పెట్టించుకుని డైసల్ఫిరామ్ రాశారు. అది వాడుతూ మందు ముట్టుకుంటే ఒళ్లు ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి. కొన్ని దగ్గు మందుల్లోనూ ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి ఇప్పుడు సీసా మీద సన్నక్షరాలు చదవకుండా మేం ఏదీ కొనం. పొద్దున ఆరున్నరకి నా ఎదురుగా మాత్ర వేసుకుని నోరు తెరిచి చూపిస్తారు. నేను చూపించమనలేదు. ఆయనే చూపిస్తారు.

మొత్తం 14,860 రూపాయలైంది. బిల్లులు సెప్టెంబరు 8న పంపాను.

మీ నంబరుకి చేస్తే ముందు పాట. తర్వాత "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం". తెలుగుకి నాలుగు నొక్కమంటే నొక్కాను. వచ్చిన అబ్బాయికి తెలుగు రాదు. నాదేమో ఇరవై మార్కులకి పాసయిన పదో తరగతి హిందీ. ఆ హిందీలో నాకు అర్థమైంది ఒకటే, డిశ్చార్జి సమ్మరీ లేదట. చేరితే కదా బాబూ డిశ్చార్జి అయ్యేది అన్నాను. "డిశ్చార్జి సమ్మరీ మాండేటరీ మేడమ్" అన్నాడు. ఇంకేమైనా సహాయం కావాలా అని కూడా అడిగాడు, పాపం.

రెండోసారి ఒకమ్మాయి. చక్కటి తెలుగు. "ఓపీకి డిశ్చార్జి సమ్మరీ అక్కర్లేదండీ, నేను నోట్ పెడతాను, 48 గంటల్లో మీకు ఫోన్ వస్తుంది" అంది. ఫోన్ రాలేదు, మెసేజ్ వచ్చింది. డిశ్చార్జి సమ్మరీ అప్‌లోడ్ చేయండి అని.

మూడోసారి, స్కాన్ క్లియర్‌గా లేదన్నారు. ఈ ఊళ్లో సగం మంది ఆధార్ కార్డులు, పాసుపుస్తకాలు నా మెషీన్ మీద పడుకుని లేచినవే. స్కానింగ్ సంగతి నాకు చెప్తున్నారు! సరే కదా అని క్వాలిటీ రెట్టింపు చేసి పంపాను. ఫైల్ సైజు ఎక్కువైందని తిరిగొచ్చింది. నాలుగోసారి ఇంకొకాయన మావారు ఏ తేదీ రాత్రి చేరారు, 24 గంటలు ఉన్నారా లేదా అని మొదటికొచ్చాడు. అప్పుల పుస్తకం వెనక పేజీల్లో మీ కాల్స్ అన్నీ రాసుకుంటున్నాను. ఇప్పటికి 23. ఊళ్లో నాకు అప్పున్నవాళ్ల జాబితా కూడా అంత లేదు.

ఈ 23లో ఒక్కటి మాత్రం రాసుకోకపోయినా గుర్తుండేది. అక్టోబరు 17, సాయంత్రం. కాలేజీ పిల్లల రికార్డులకి స్పైరల్ బైండింగ్ చేస్తున్నాం. నా చేతులు ఖాళీ లేక ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. మావారు పక్కనే కాగితాలకి చిల్లులు వేస్తున్నారు. మీ మనిషి నా మాట మధ్యలో ఆపి, "ఇదంతా ఆల్కహాల్ కేసు కదా మేడమ్, ఆయన మానేస్తే ఈ ఖర్చే ఉండదుగా" అన్నాడు. చిల్లుల మెషీన్ చప్పుడు ఆగిపోయింది. ఆయన ఏమీ అనలేదు. మిగతా కాగితాలు సర్ది బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయారు. ఆ వారం విజయవాడ రానన్నారు. "నా మూలంగా నువ్వు ఊళ్లోవాళ్ల చేత మాటలు పడింది చాలక ఇప్పుడు కంపెనీ వాళ్ల చేత కూడా పడాలా" అన్నారు. మూడు నెలల్లో తప్పిపోయిన సిట్టింగ్ అదొక్కటే. మళ్లీ బస్సెక్కించడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులకి బిల్లు ఏ కాలమ్‌లో వేయాలో మీ ఫారంలో లేదు.

ఆ మాట మీద ఫిర్యాదు చేశాను. టికెట్ నంబరు ఇచ్చి, మర్నాడు మధ్యాహ్నానికల్లా "మీ ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కరించబడింది" అని మెసేజ్ పెట్టారు. ఎవరి సంతృప్తో రాయలేదు. ఐదు చుక్కల్లో ఎన్నిస్తారని అడిగితే ఒకటిచ్చాను. మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు అన్నారు. ఇలా నాలుగు టికెట్లు తెరిచారు, నాలుగూ మూశారు. వదినా వదినా అన్న మీ ఏజెంటు ఇప్పుడు మా షాపు కనపడగానే బండి పక్క సందులోకి తిప్పేస్తున్నాడు.

మీ పాలసీ పుస్తకంలో తాగుడుకి, మత్తుకి చేసే చికిత్సకి డబ్బు ఇవ్వబోమని ఉంది. చదివాను. కానీ చీటీ మీద డాక్టరు గారు మొదటి వరసలో రాసింది డిప్రెషన్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్‌లో, ఒంటి జబ్బుకి ఇన్సూరెన్స్ ఏ లెక్కన ఇస్తారో మనసు జబ్బుకీ ఆ లెక్కనే ఇవ్వాలని ఉంది. పైగా మానసిక అనారోగ్యం అంటే ఏమిటో చెప్పిన చోట మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా అదే చట్టంలో కలిపారు. మీ పుస్తకం గొప్పదో ఆ చట్టం గొప్పదో తేల్చేవాళ్లు వేరే ఉన్నారు. కానీ ఇవ్వకపోతే, "ఇవ్వం" అనైనా మీరు కాగితం మీద రాసి, ఎందుకో చెప్పి, కింద సంతకం పెట్టాలి కదా! ఈ 102 రోజుల్లో ఇస్తామనలేదు, ఇవ్వమనీ అనలేదు. తాగినవాళ్ల మాటకే నిలకడ ఉండదంటారు, మీరు అసలు మాటే ఇవ్వరు.

ఆగస్టులో ఒక రాత్రి ఆయనకి నిద్ర లేదు, నాకు భయం. మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేశాను. పైసా కట్టని నంబరు అది. ఎత్తిన అమ్మాయి నలభై నిమిషాలు వింది, డిశ్చార్జి సమ్మరీ అడగలేదు.

అక్టోబరు 17న మాట్లాడిన మనిషి మావారికి ఫోన్ చేసి క్షమించమనాలి. నాకు కాదు, ఆయనకి. డబ్బు ఇస్తారో ఇవ్వరో రెండు వారాల్లో రాతపూర్వకంగా తేల్చండి. లేదంటే ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తీసుకునే బీమా భరోసా పోర్టల్‌లో పెడతాను, వాళ్ల ఫోన్ నంబరు 155255కి చేస్తాను, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఇలాంటి తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వస్తాను. అక్కడ లాయరు అక్కర్లేదట, ఫీజు లేదట. కాగితాల కట్టలు ఎన్ని కాపీలైనా నాకు ఉచితమే. అవసరమైతే వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. 14,860 కోసం ఇంతా అని మీ వాళ్లు నవ్వుకుంటారేమో, నవ్వుకోనివ్వండి.

జనవరి 11న రెన్యువల్. మీ రెన్యువల్ వాళ్లు రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తున్నారు, చక్కటి తెలుగులో, పేరు పెట్టి మరీ. వాళ్లకి చెప్పండి, మధ్యాహ్నం రెండు నుంచి మూడు మధ్య చేయొద్దని. ఆయన అప్పుడే కాస్త నిద్రపోతారు.

ఇట్లు,
మీ తొమ్మిదేళ్ల పాలసీదారు

జతపరిచినవి: డాక్టరు చీటీలు 9, మందుల బిల్లులు 11, లివర్ టెస్టు రిపోర్టులు 2, మీరు మూసేసిన టికెట్ల మెసేజీల ప్రింట్లు 4, అప్పుల పుస్తకం వెనక పేజీల జిరాక్స్. డిశ్చార్జి సమ్మరీ లేదు.